పైకప్పు లేవని ఇల్లు

ఫిబ్రవరి 3

బావగారికి,

నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను.

అక్క పోయాక ఈ రెండేళ్ళలో మీకు ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. ఇప్పుడు రాయడం కూడా పనిబడే కాబట్టి నేరుగా విషయానికొస్తాను. ఫోను చేద్దామంటే మీ చెవుల సంగతి తెలిసిందే.

ఇక్కడ ఆదివారాల్లో, ఏ లిఫ్టూ ఎక్కడా ఇరుక్కోక నాకు రిపేరుకి పిలుపు రాని రోజుల్లో, మేం పదిమందిమి ఒక బట్టల కొట్టు మేడమీద చేరి బల్లమీద యుద్ధాలు ఆడుతుంటాం. నవ్వకండి. సిపాయిలు బొటనవేలి కణుపంత ఉంటారు, వాళ్ళకి రంగులు మేమే వేసుకుంటాం. ఎవడు ఎంత దూరం నడవాలో టేపుతో కొలుస్తాం. తుపాకి గుండు తగిలిందా లేదా అన్నది పాచికలు చెబుతాయి. ఇన్నాళ్ళూ పుస్తకాలే కొండలు, బిస్కెట్ల డబ్బాలే ఇళ్ళు. జూలై మొదటి ఆదివారం వేరే ఊరి గుంపు మా మీదికి ఆటకొస్తోంది. వాళ్ళముందు డబ్బాలు పెడితే పరువు పోతుందని మావాళ్ళంతా ఒకటే గోల. మాకొక ఊరు కావాలి. విక్టోరియా రాణి కాలం నాటి పట్నం: ఇటుక ఇళ్ళు, పొగగొట్టాలు, రాళ్ళు పరిచిన వీధి, గ్యాసు దీపాలు. మొత్తం పదమూడు ఇళ్ళు. ఆ కాలపు ఫొటోలు జతచేశాను.

నలభై ఏళ్ళు కట్టుడుపళ్ళ సెట్లు చేసిన చెయ్యి మీది. అంత చిన్న పని అంత నేర్పుగా చేసేవాళ్ళు నాకింకెవరూ తెలీదు. వీలుకాకపోతే రెండు ముక్కలు రాయండి చాలు, ఏమీ అనుకోను.

అక్క ఉంటే తనచేత అడిగించేవాణ్ణి.

ఇట్లు,
మీ బావమరిది

ఫిబ్రవరి 9

ఒరేయ్ బొంగరం,

'బావగారు' ఎవర్రా? పక్కింటాయనకి రావలసిన ఉత్తరం నాకొచ్చిందేమోనని కవరు రెండుసార్లు తిప్పి చూశాను. ఆరేళ్ళ వయసులో మీ అక్క చెయ్యి పట్టుకుని మా గుమ్మమెక్కినవాడివి, నా భుజాలమీద కూచుని నా జుట్టంతా పీకినవాడివి, ఇప్పుడు నన్ను 'మీరు' అంటున్నావంటే కడుపులో కోపం ఇంకా చల్లారలేదన్నమాట. సరే, ఉండనీ. కోపంతోనైనా రాశావు, అదే పదివేలు.

పని మానేసి ఏడాది అవుతోంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉందని చూసినవాళ్ళు జాలిపడుతున్నారు. నాకు ఎప్పుడూ నిశ్శబ్దంగానే ఉండేది కదా, పళ్ళు అరగదీసే మోటారు ఆ పని ఎప్పుడో చేసిపెట్టింది. చేతులకే తోచడం లేదు.

నీ ఫొటోలు బల్లమీద పరుచుకుని కూచున్నాను. ఒక్క దాంట్లోనూ మనుషుల్లేరు. వీధి తడిగా ఉంది, దీపం వెలుగుతోంది, ఎవరో ఇప్పుడే లోపలికెళ్ళి తలుపేసుకున్నట్టుంది. చూస్తూ చూస్తూ ఉంటే టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టుకున్నాను, అదీ చల్లారిపోయింది.

చేస్తానురా. ఒక సిపాయిని పంపు. మనిషిని చూడకుండా గుమ్మం కొలత ఎలా తియ్యను? పళ్ళ సెట్టుకైనా ముందు నోరు చూడాలి కదా.

నీ బావ
(గారు లేడు)

ఫిబ్రవరి 16

బావగారికి,

ఒప్పుకున్నందుకు సంతోషం. సిపాయిని పంపుతున్నాను. ఇరవైమంది దళంలో వీడొకడు. ఇంకా రంగు వెయ్యలేదు, కింద పీట కూడా అతికించలేదు. పని కాగానే భద్రంగా తిరిగి పంపాలి. ఒక్కడు తగ్గినా దళం లెక్కకి రాదు.

మా గుంపులో టేపు పట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అసలు పేరు మరిచిపోయి అందరం టేపాయన అనే అంటాం. నిబంధన తప్పితే ఆయనకి అన్నం సహించదు. ఆయన మరీమరీ చెప్పమన్నది ఒక్కటే: ప్రతి ఇంటి పైకప్పూ మూతలాగా పైకి లేవాలి. సిపాయి ఇంట్లోకి వెళితే పైకప్పు తీసి వాణ్ణి లోపల నిలబెట్టాలి కదా. కాబట్టి ఏ ఇంటికీ పైకప్పు అతికించకూడదు. ఇది మరిచిపోవద్దు.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మీ బావమరిది

మార్చి 28

ఒరేయ్ బొంగరం,

ఈ ఉత్తరంతోపాటు పార్సెల్లో ఏడిళ్ళు వస్తున్నాయి. దూదిలో చుట్టాను. పొగగొట్టాలు జాగ్రత్త, నీది అసలే దూకుడు చెయ్యి.

పళ్ళు చెక్కే సూది ఉంటుంది చూడు, దాంతో ఒక గోడమీద ఇటుకలు గీశాను. నాలుగు రోజులు పట్టింది. దానికి అచ్చు తీసి ప్లాస్టర్ పోస్తే ఇక గోడలే గోడలు. పొగగొట్టాలు పెన్ను రీఫిల్లు ముక్కలు. దీపాలు గుండుసూది మీద గుచ్చిన పూసలు. వీధిలో రాళ్ళు మాత్రం మైనంలో ఒక్కొక్కటే వత్తాను, ఒక రాయిలాగా ఇంకో రాయి ఉండకూడదని. ఆ ఊరి బట్టల కొట్టు ముందు ఉబ్బుగా ఉన్న అద్దాలు చూశావా? మాత్రల పట్టీమీది బుడగలు! ఎంత బాగా కుదిరాయనుకున్నావు! పైకప్పు పెంకులు అట్టముక్కలు, ఇంటికి నాలుగొందలు. అట్టపెట్టెలకి మనింట్లో కరువు లేదు.

ఒక తమాషా చెప్పనా? ఆ ఊళ్ళో ఎప్పుడూ సాయంత్రమే. మధ్యాహ్నం భోంచేశాక బల్లమీద గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, వీధి చివరికంటా చూస్తాను. కాసేపటికి నేను ఇవతలున్నానో అవతలున్నానో తెలీదు. మూడో ఇంట్లో గడియారాలు బాగుచేసే అతను ఉంటాడు. ఎవరు చెప్పారంటే ఏం చెప్పను? తెలిసింది, అంతే. అతని పక్కింటామె టోపీలు కుడుతుంది. వాళ్ళిద్దరికీ మాటల్లేవు, కానీ ఆవిడ దీపం వెలిగించేదాకా అతను వెలిగించడు. ఇంకో సంగతి, నవ్వకు. ఆ ఊళ్ళో నాకు అన్నీ వినపడుతున్నాయిరా. గుర్రపు డెక్కలు, నీళ్ళ గొట్టం, టోపీలామె దగ్గు, అన్నీ.

నీ సిపాయిలు అక్కడికొచ్చి తుపాకులు పేలుస్తారంటే మనసొప్పడం లేదు. పోనీలే, ఆటే కదా.

అన్నట్టు నువ్వు పంపినవాడు ఎక్కడో జారిపోయాడు. బల్లకింద వెతుకుతున్నాను. మిగతా ఆరిళ్ళూ మెల్లగా చేస్తాను. జూలై దాకా సమయముంది, తొందరేం లేదు.

నీ బావ

ఏప్రిల్ 6

బావగారికి,

ఇళ్ళు అందాయి. ఒక్క పొగగొట్టం కూడా విరగలేదు. పెట్టె తెరవగానే మావాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. టేపాయనైతే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "ఇది చేసినాయన మనిషేనా?" అన్నాడు.

ఆ తర్వాత సిపాయిని గుమ్మంలో నిలబెట్టబోతే తల తగిలింది. ఏడిళ్ళకీ అంతే. మా సిపాయిలందరూ మూడు మిల్లీమీటర్ల మందం పీటలమీద నిలబడతారు. మీరు మనిషిని కొలిచారు, పీటని కొలవలేదు. సిపాయిలు అక్కడికి రావడం మీకిష్టం లేదని మీరే రాశారు కాబట్టి కావాలనే గుమ్మాలు కురచ చేశారేమోనని నా అనుమానం. పైగా ఉన్న ఒక్కణ్ణీ పారేశారు.

ఇంకో విషయం. టేపాయన ఒక పైకప్పు తిరగేసి లోపలివైపు ఉన్నది పైకి చదివాడు. మందుల పేర్లు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఏడు పైకప్పులూ తిరగేసుకుని కూచున్నాను. కొన్ని అట్టలమీద మందుల కొట్టువాడు అంటించిన చీటీలు అలాగే ఉన్నాయి. అక్క పేరు, కింద తేదీ. అన్నిటికంటే పాతది అక్క పోవడానికి పద్నాలుగు నెలల ముందుది.

పద్నాలుగు నెలలు! నాకు మీరు రాసింది మాత్రం ఒక్క ఉత్తరం. ఇంకా నా పెట్టెలోనే ఉంది. "మీ అక్కకి కొంచెం నలతగా ఉంది, తొందరేం లేదు, వీలు చూసుకుని రా." తొందరేం లేదన్నారు కదా అని చేతిలో ఉన్న లిఫ్టు పని పూర్తిచేసి తొమ్మిదో రోజున బయల్దేరాను. పోయిందన్న కబురు నాకందలేదు, వచ్చేసరికి అంతా అయిపోయింది. తల్లిలాగా పెంచిన మనిషిని చివరిసారి చూసుకోలేదు నేను.

ఇప్పుడు మళ్ళీ అదే మాట రాశారు. దయచేసి ఆ మాట ఇంకెప్పుడూ నాకు రాయకండి.

ఇట్లు,
మీ బావమరిది

ఏప్రిల్ 13

ఒరేయ్,

గుమ్మాల సంగతి ముందు రాస్తాను, అది తేలిక.

కావాలని చెయ్యలేదు. నువ్వు పంపినవాడి పాదాలకింద ఏమీ లేదు, ఉట్టికాళ్ళ మనిషి. వాణ్ణి పట్టుకుని కొలిచాను. కింద పీట వస్తుందన్నావు, పీట ఎంత మందమో నువ్వు చెప్పలేదు, అడగాలని నాకు తోచలేదు. ఇప్పుడు గుమ్మాలు కొయ్యడం కుదరదు, గోడ పగులుతుంది. సెట్టు ఎత్తు చాలకపోతే నోరు కొయ్యం కదా, సెట్టు కిందే కొంచెం మైనం పెంచుతాం. అలాగే ఇంటినే పైకెత్తుదాం. ప్రతి ఇంటికిందా మూడు మిల్లీమీటర్ల పలక, ప్రతి గుమ్మం ముందూ ఒక మెట్టు, రెంటిలోనూ సిపాయి పీట దిగేటంత గాడి. చేసి పంపుతున్నాను, అతికించుకో. మెట్టు పెట్టి చూశాను, ఇంటికి కొత్త కళ వచ్చింది. ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నట్టుంది.

ఇక రెండోది.

నీకు చెప్పొద్దని మీ అక్క నాచేత ఒట్టు వేయించుకుంది. "వాడొస్తే నా మొహం చూసి ఏడుస్తాడు, నేను లేచి తిరిగాక పిలుద్దాం" అంది. లేచి తిరుగుతుందనే నేనూ అనుకున్నాను. ఆ ఉత్తరం కూడా తను చెబుతుంటే నేను రాసిందే. తొందరేం లేదు అని రాయమంటే చెయ్యి ఆగింది. "రాయండి" అని నా మోచెయ్యి పొడిచింది. రాశాను. మాట తనది, చెయ్యి నాది, కాబట్టి తప్పు నాదే. నిన్ను మర్నాడే పిలిపించి ఉండాల్సింది. ఈ ముక్క రెండేళ్ళనుంచీ చెప్పాలనుకుంటూ ఉన్నాను.

సిపాయి దొరకలేదు.

నీ బావ

ఏప్రిల్ 22

బావగారికి,

మెట్లు సరిగ్గా సరిపోయాయి. సిపాయిలు తల వంచకుండా వెళుతున్నారు.

ఒట్టు సంగతి చదివాను. ఆవిడ దాచమంది, మీరు దాచారు. మీ ఇద్దరి మధ్యా అంతా బాగానే జరిగింది. మరి నేనెవర్ని మీకు? మేడమీద గదిలో పదిహేనేళ్ళు అద్దెకున్నవాణ్ణా?

మిగిలిన ఆరిళ్ళూ జూన్ మొదటివారంలోపు అందితే మేలు. ఆట అయ్యాక మీకు ఇంక శ్రమ ఇవ్వను. ఆ తర్వాత మనం ఉత్తరాలు రాసుకోవలసిన అవసరం కూడా ఉండదు.

ఇట్లు,
మీ బావమరిది

జూన్ 2

ఒరేయ్ బొంగరం,

అవసరం ఉండదన్నావు. చదివి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. నాకు నువ్వు తప్ప ఎవరున్నార్రా? ఈ మాట సిగ్గు విడిచే రాస్తున్నాను. రాసుకోవద్దు అనకు. తిట్టు, తిట్టడానికైనా రాయి.

పార్సెల్లో ఆరిళ్ళున్నాయి. రొట్టెలు కాల్చేవాడి కొట్టు వెనక పెరట్లో బట్టలు ఆరేశాను. దారం మీద నాలుగు చొక్కాలు, గాలికి ఒకటి మెలిపడింది. బల్లమీద గాలెక్కడిదని నువ్వడుగుతావు. అక్కడ కొద్దిగా గాలి ఉంటుంది. నిన్న కునుకు పట్టినప్పుడు ఆ వీధిలో నడిచాను కూడా. రాళ్ళు అరికాళ్ళకి గుండ్రంగా తగులుతున్నాయి. గడియారాలతను తల ఎత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు, నన్ను రోజూ చూసేవాడిలాగా. మూలదాకా వెళ్ళాను. ఆ ఇంటి ముందు ఆగి, లోపలికి మాత్రం వెళ్ళలేదు.

ఆ మూలమీది ఇల్లే పదమూడోది. మేడ ఉన్న ఇల్లు. కిటికీలకి తెరలేశాను. దాన్ని వీధి మలుపు కనపడేచోట పెట్టండి. దాని పైకప్పు లేవదు. మరిచిపోయి కాదు, అతికించాను. ఆ ఇంట్లోకి సిపాయిలు వెళ్ళకూడదు. ఎవరూ తెరవద్దని నా మాటగా టేపాయనకి చెప్పు.

నీ బావ

జూన్ 9

బావగారికి,

టేపాయనకి చెప్పాను. "పన్నెండు ఇళ్ళకో నిబంధన, ఒక ఇంటికో నిబంధన ఏమిటయ్యా, వచ్చేవాళ్ళు ఊరుకుంటారా?" అన్నాడు. ఆయన్నీ తప్పు పట్టలేను.

నాకు మాత్రం నిబంధన బాధ కాదు. ఒకే ఒక్కటి చెప్పాను, పైకప్పు అతికించవద్దని. అదే చేశారు. చేసి, లోపల ఏముందో చెప్పరు. మీకు దాచడం తప్ప ఇంకేదీ చేతకాదా? పద్నాలుగు నెలలు దాచింది చాల్లేదా? ఇప్పుడు బొమ్మరిల్లు కూడానా?

ఆదివారం కత్తి పెట్టి తెరుస్తాను. విరిగితే విరుగుతుంది. ఇది మీకు అందేసరికి తెరిచే ఉంటాను.

ఇట్లు,
మీ బావమరిది

జూన్ 15

బావా,

తెరిచాను.

కత్తి అంచు పెట్టీ పెట్టగానే ఊడొచ్చింది. జిగురు కాదు, నీ పళ్ళ మైనం. ఇంత మెత్తటిదాంతో అతికించి తెరవద్దన్నావు. నేను తెరుస్తానని నీకు తెలుసు.

మేడమీద నా గది. నేను సున్నం పెచ్చు ఊడగొట్టిన చోటు కూడా అలాగే ఉంది. కిటికీ పక్కన మంచం. మంచం పక్క స్టూలుమీద పూసంత గ్లాసు, దాంట్లో నీళ్ళు కూడా ఉన్నాయి, ఏం పోశావో గానీ. మంచంమీద అక్క. దిండుకి ఆనుకుని గుమ్మం వైపు తిరిగి ఉంది. పక్కన కుర్చీలో నా ఇరవయ్యో సిపాయి. బల్లకింద పోయాడన్నావు కదా. తుపాకి లేదు, టోపీ గీకేశావు, మోకాళ్ళు వంచి కూచోబెట్టావు. నీలంరంగు చొక్కా, జేబులో చిన్న చుక్క. అది స్క్రూడ్రైవరని ఎవరికి తెలుస్తుంది నాకు తప్ప? వాడి చెయ్యి అక్క చేతిలో ఉంది. గుమ్మం దగ్గర బియ్యపుగింజ కంటే చిన్న బూట్ల జత, ఒకటి పక్కకి పడిపోయి ఉంది. నేనెప్పుడూ అలాగే విడిచేవాణ్ణి. అక్క తిడుతూ సరిచేసేది.

బట్టల కొట్టు మేడమీదికి మావాళ్ళింకా రాలేదు, ఒక్కణ్ణే ఉన్నాను, అదృష్టం. బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాను బావా. లేచేసరికి ఎర్రకోటు సిపాయి ఒకడు నా చెంపకి అంటుకుని ఉన్నాడు.

కానీ నేను ఆ గదిలో లేను. అంతా అయిపోయాక వచ్చాను. ఎందుకు కూచోబెట్టావు నన్ను? వెక్కిరించాలనుకుంటే ఇంత అందంగా చెయ్యవు. పెసరగింజంత మొహంమీద ఆ నవ్వు ఎందుకు పెట్టావు? నిజం రాయి. ఈసారి ఎవరు ఒట్టు వేయించినా సరే.

బొంగరం

జూన్ 20

బొంగరం,

రాస్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

మీ అక్క ఆఖరి నెలలో నీ గదికే మారింది. ఆ కిటికీలోంచి వీధి మలుపు కనపడుతుందని. నువ్వొస్తే ముందు తనే చూడాలట. నీకు ఉత్తరం వేసిన నాలుగోరోజు పొద్దున నీరసంగా ఉంది గాని మాట స్పష్టంగానే ఉంది. "బొంగరం వచ్చాడా?" అంది. రాలేదు అనడానికి నాకు నోరు రాలేదు. "వచ్చాడు, కింద బూట్లు విప్పుతున్నాడు" అన్నాను.

"అవును, చప్పుడు వినపడుతోంది" అంది.

ఒరేయ్, నాకు చెవులు సరిగా వినపడవు కదా. నా అబద్ధాన్ని నేనే నమ్మాను. నిజంగానే వచ్చావేమో, తనకి వినపడింది, నాకు వినపడలేదేమో అనుకుని గబగబా మెట్లదాకా వెళ్ళాను. సగం దిగాను. కింద ఎవరూ లేరు. తలుపు వేసే ఉంది. వెనక్కొచ్చేసరికి అయిపోయింది. గుమ్మం వైపు చూస్తూ నవ్వుతూ ఉంది. నువ్వు లోపలికొస్తున్నావనుకునే పోయింది.

నీకు అబద్ధం రాశాను, తనకి అబద్ధం చెప్పాను. తనకి చెప్పినదాన్నయినా నిజం చేద్దామని ఆ గది కట్టాను. నీ సిపాయిని దొంగిలించింది అందుకే. కోట్లు, టోపీలు ఉన్న ఊరు కదా, అందులో నీ నీలం చొక్కా ఇమడదని తెలుసు. అందుకే పైకప్పు మూశాను. జిగురు సీసా మూత తీశాను కూడా, పెట్టడానికి చెయ్యి రాలేదు. నిన్ను పూర్తిగా బయట ఉంచేస్తున్నట్టనిపించింది.

ఆ గదిలో నేనెందుకు లేనని నువ్వడగలేదు. నేను మెట్లమీద ఉన్నానురా. అక్కడే ఉండిపోయాను.

నీ బావ

జూలై 6

బావా,

ఓడిపోయాం. వివరంగా రాస్తాను విను.

ఆట మొదలవకముందే టేపాయన్ని పక్కకి పిలిచి పైకప్పు ఎత్తి చూపించి సంగతంతా చెప్పాను. ఆయన తన చేత్తోనే పైకప్పు మళ్ళీ మూశాడు. తర్వాత లోపలికొచ్చి, వచ్చినవాళ్ళకి నిబంధనలు చదివేటప్పుడు తనంతట తనే ఒకటి కలిపాడు: "మూలమీది ఇంట్లో జబ్బుమనిషి ఉంది. ఆ ఇంటికి పన్నెండు అంగుళాల లోపు ఎవరూ తుపాకి పేల్చకూడదు." కాగితంలో ఎక్కడా లేదది. ఎవరూ అడగలేదు కూడా. టేపాయన చదివాక అడిగేదేముంది!

తమాషా ఏమిటంటే, మావాళ్ళూ వాళ్ళవాళ్ళూ కూడా ఆ మలుపు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. పాచికలు కూడా అరచేతిలో కలిపి మెల్లగా జారవిడిచారు. ఆ కాసేపూ నాకూ ఆ ఊళ్ళో సాయంత్రమైనట్టే అనిపించింది. టోపీలామె దగ్గు వినపడిందని అబద్ధం చెప్పను గానీ, వింటూ కూచున్నాను.

చివరికి ఊరి అంచున మేం అట్టతో కట్టిన వంతెన దగ్గర మా దళం ఒక్క మనిషి తేడాతో వెనక్కి తగ్గాల్సొచ్చింది. పందొమ్మిదిమందే కదా. "మీ ఇరవయ్యోవాడేడి?" అని అవతలివాళ్ళు అడిగారు. సెలవులో ఉన్నాడు, ఇంటికెళ్ళాడు అన్నాను.

అక్కమీదా నీమీదా రెండేళ్ళు కోపం మోశాను. ఇంకా కొంచెం ఉంది, వచ్చి నీ ఎదురుగానే తిట్టి దింపుకుంటాను. అద్దెకున్నవాణ్ణా అని రాశాను చూడు, అది మాత్రం కొట్టెయ్యి.

శనివారం పొద్దున బండికి వస్తున్నాను. పది రోజులు సెలవు పెట్టాను. మూలమీది ఇంటిని ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. ఆ గదిలో కుర్చీ ఒక్కటే ఉంది, నేనొచ్చేలోపు రెండోది చేసి ఉంచు. అందులో కూచునే మనిషికి నేను రంగులేస్తున్నాను. బట్టతల బాగానే వచ్చింది గానీ చెవుల దగ్గర మిగిలిన ఆ నాలుగు వెంట్రుకల రంగు కుదరడం లేదు, నిన్ను చూసి వెయ్యాలి. నువ్వు ఇంక మెట్లమీద నిలబడక్కర్లేదు.

కింద బూట్లు విప్పుతాను. నీకు వినపడదు. తలుపు తీసి ఉంచు.

బొంగరం